నేలమీది ఉరుము

తెలుగునాట పల్లెలలో రథోత్సవానికి కొన్ని వారాల ముందే ఒక కదలిక మొదలవుతుంది. ఏడాది పొడవునా రథశాలలో నిశ్చలంగా నిలిచిన రథాన్ని వెలుతురులోకి తెస్తారు. వడ్రంగి ఇరుసును తట్టి చూస్తాడు. కమ్మరి చక్రాలకు వేసిన ఇనుపపట్టాలను పరీక్షిస్తాడు. మోకు లాగేవారు పాత మోకులోని పురులను వేళ్ళతో తడిమి చూస్తారు. ఇంతా చేసి రథం సాగేది నాలుగు వీధులే. అయినా ఆ నాలుగు వీధుల ప్రయాణం ఆగిపోయిననాడు రథం వట్టి కొయ్యగా మిగిలిపోతుందని ఊరి పెద్దలకు తెలుసు. కదిలినంతకాలమే అది రథం.

ఈ సత్యం దేవుని తేరుకే కాదు, మనిషి చేసిన యంత్రాలకూ వర్తిస్తుంది. ఇంగ్లండు దేశంలో కొన్ని పాత విమానక్షేత్రాలలో ఇటువంటి ఉత్సవమే మరొక రూపంలో జరుగుతూ వచ్చింది. అక్కడి రథాలు కొయ్యవి కావు, లోహపువి. ఒకనాడు ఆకాశాన్ని ఏలి, పదవీ విరమణ చేసిన యుద్ధవిమానాలు. వాటిని కదిలించేవారు ప్రభుత్వోద్యోగులు కారు, జీతగాళ్ళు అంతకన్నా కారు. సెలవు దినాలలో పాతబట్టలు తొడుక్కుని, చేతులకు నూనె మరకలు అంటించుకుని, తమ డబ్బే ఖర్చు పెట్టుకుని పనిచేసే అభిమానులు. వారిలో అనేకులు ఆ విమానాలు సేవలో ఉన్న కాలంలో వాటినే మరమ్మతు చేసినవారు. మరికొందరు బాల్యంలో ఇంటి కప్పుమీదుగా వెళ్ళిన ఆ ధ్వనిని మరచిపోలేనివారు.

ఆ విమానాలలో అందరికీ తలమానికమైనది వల్కన్. ఆవ్రో సంస్థ నిర్మించిన ఈ బాంబర్ విమానం మొదటిసారి 1952 ఆగస్టు 30న గాలిలోకి లేచింది. తోక రెక్కలు లేకుండా, ముక్కోణపు ఆకారంలో విశాలంగా పరచుకున్న రెక్కతో అది ఆనాటి ప్రజలకు విమానంవలె కాక, ఏదో మహావిహంగంవలె కనిపించింది. తరువాతి రకంలో ఆ రెక్క ఈ కొసనుంచి ఆ కొసకు 111 అడుగులు. నాలుగు ఒలింపస్ ఇంజన్లు. మొత్తం 136 వల్కన్ విమానాలు తయారయ్యాయి. కాంకార్డ్ ప్రయాణిక విమానాన్ని ధ్వనికంటె వేగంగా నడిపించిన ఇంజన్ ఈ ఒలింపస్ వంశంలో పుట్టినదే.

వల్కన్ పుట్టుక వెనుక ఉన్న ప్రయోజనం మాత్రం భయంకరమైనది. అది అణుబాంబును మోసుకుపోవడానికి పుట్టింది. అణు విస్ఫోటనపు వెలుగు వేడిని తిప్పికొట్టాలని తొలినాళ్ళలో దాని ఒంటికి తెల్లరంగు పూశారు. శత్రుక్షిపణి బయలుదేరిందన్న హెచ్చరికకూ, అది వచ్చి పడడానికీ నడుమ నాలుగు నిమిషాల వ్యవధి మాత్రమే ఉంటుందని ఆనాడు లెక్కలు వేశారు. ఆలోపుననే విమానాలు గాలిలోకి లేవాలి. అందుకే సిబ్బంది వాటికి కూతవేటు దూరంలోనే కాచుకొని ఉండేవారు. విమానంలో ఐదుగురు కూర్చునేవారు. ప్రమాదం ముంచుకొస్తే ఆసనంతో సహా బయటికి ఎగిరిపోయే ఏర్పాటు ఇద్దరు పైలట్లకే ఉండేది. వెనుక చీకటిగదిలో కూర్చున్న మిగిలిన ముగ్గురికి ఆ అవకాశం లేదు. ఆ విమానం గురించి గర్వంగా చెప్పుకునేవారు ఈ మాటనూ దాచరు.

అదృష్టవశాత్తు ఆ బాంబు ఏనాడూ జారలేదు. 1969లో అణునిరోధ బాధ్యత నౌకాదళపు జలాంతర్గాములకు మారింది. వల్కన్ యుద్ధంలో సాధారణ బాంబులు వేసినది 1982లో, ఫాక్‌లాండ్ దీవుల పోరులో. అట్లాంటిక్ సముద్రం నడుమ ఉన్న అసెన్షన్ దీవినుంచి బయలుదేరి, దారిలో విక్టర్ విమానాలనుంచి గాలిలోనే ఇంధనం నింపుకుంటూ, స్టాన్లీ పట్టణపు రన్‌వేపై బాంబులు వేసి తిరిగివచ్చింది. మరి రెండేళ్ళకు, 1984లో, చివరి స్క్వాడ్రన్ కూడా రద్దయింది.

'ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే' అని సామెత. యుద్ధవిమానాల విషయంలో ఇది పూర్తిగా తారుమారు. కోట్ల విలువచేసిన విమానం సేవనుంచి తొలగిన మరునాడు పాత అల్యూమినియం తూకానికి దిగిపోతుంది. చాలా వల్కన్లు అలాగే ముక్కలై తుక్కుబళ్ళలో వెళ్ళిపోయాయి. కొన్ని మ్యూజియాలలో నిలిచాయి. మూడు మాత్రం ఇంజన్లు తిరిగే స్థితిలో మిగిలాయి. ఎక్స్‌ఎల్ 426 అనే విమానం 1986 డిసెంబరులో సౌత్‌ఎండ్ చేరింది. ఎక్స్‌ఎమ్ 655 వార్విక్‌షైర్‌లోని వెల్స్‌బోర్న్ క్షేత్రంలో 1984నుంచి నిలిచి ఉంది. మూడవది ఎక్స్‌హెచ్ 558. దాని కథ వేరు.

నిలిచిపోయిన విమానాన్ని సజీవంగా ఉంచడమంటే ఏమిటో బయటివారికి సులభంగా అర్థం కాదు. వాడకంవల్ల అరిగే యంత్రంకంటె, వాడకపోవడంవల్ల చెడే యంత్రమే ఎక్కువ బాధపెడుతుంది. రబ్బరు సీళ్ళు ఎండి పగుళ్ళు బారుతాయి. హైడ్రాలిక్ గొట్టాలనుంచి ద్రవం బొట్టుబొట్టుగా కారుతుంది. ఒకేచోట నెలల తరబడి బరువు మోసిన టైర్లు ఆ మేర చదునై గట్టిపడతాయి. ఇంధనపు ట్యాంకుల్లో తేమ చేరుతుంది. తీగెల చివర పచ్చని చిలుము పడుతుంది. ఇంజన్ నోట పక్షులు గూళ్ళు పెట్టుకుంటాయి. ఇంగ్లండులోని ఎడతెగని జల్లు, చలికాలపు మంచు ఏ చిన్న సందు దొరికినా లోపలికి చొరబడతాయి. అందుకే అభిమానులు ప్రతి వారాంతంలోనూ వచ్చి ఆ లోహకాయాన్ని వైద్యుడు రోగిని చూచినట్లు చూస్తారు. ఒక మూత విప్పి, లోపల దీపం వేసి, నిన్న లేని మరక నేడు ఉన్నదా అని వెదకుతారు.

విడిభాగాల కొరత వేరే కష్టం. ఆ ఇంజన్లను ఇప్పుడెవరూ తయారుచేయరు. ఒక కవాటం పాడైతే అంగడికి వెళ్ళి కొని తెచ్చుకోవడానికి వీలులేదు. తుక్కు గుట్టలలో దొరికినదాన్ని బాగుచేసుకోవాలి, లేదా పాత నమూనా చూచి కొత్తదాన్ని చేయించుకోవాలి. ఏ బోల్టును ఎంత బిగించాలో పుస్తకాలు చెబుతాయి. ఏ ధ్వని వినిపిస్తే చేయి వెనక్కు తీసుకోవాలో మాత్రం పుస్తకాలు చెప్పవు. అది పాతికేళ్ళు ఆ రెక్కలకింద గడిపిన మనిషి చెవికి తెలుస్తుంది. ఆ చెవి పక్కన నిలబడి నేర్చుకునే పిల్లలు లేకపోతే, ఆ మనిషితోపాటే ఆ విద్యా అంతరిస్తుంది.

ఇంత శ్రమకూ ఫలం ఏడాదిలో కొద్ది రోజులే దక్కుతుంది. ప్రదర్శన దినం ఉదయమే స్వచ్ఛంద సేవకులు వరుసగా నిలబడి, తలలు వంచుకుని రన్‌వే పొడవునా నడుస్తారు. రాయి, మేకు, సీసామూత ఏది కంటపడినా ఏరి సంచిలో వేసుకుంటారు. ఇంజన్ పీల్చుకుంటే చిన్న గులకరాయి చాలు, లోపలి రేకులన్నీ ఛిన్నాభిన్నం కావడానికి. ఎండ ఎక్కేసరికి జనం చేరుతారు. ముసలివారు మడత కుర్చీలు వేసుకుంటారు. పిల్లలు తండ్రుల భుజాలెక్కుతారు. మొదట సన్నని ఈల వినిపిస్తుంది. అది క్రమంగా గర్జన అవుతుంది. నాలుగు ఇంజన్లూ అందుకునేసరికి ధ్వని చెవులకు కాదు, గుండెకు తగులుతుంది. వల్కన్ ఇంజన్లు ఒక స్థాయి దాటినప్పుడు గాలి లోపలికి దూసుకుపోయే మార్గంలో దీర్ఘమైన ఊళ వంటి శబ్దం పుడుతుంది. ఆ ఒక్క ఊళ వినడానికే వందల మైళ్ళు ప్రయాణించి వచ్చేవారున్నారు. విమానం రన్‌వే మీద వేగంగా పరుగెత్తుతుంది. ఎగురుతుందేమో అనిపించేటంత దూరం పోయి, ఇంజన్లు తగ్గించుకుని, నేలమీదనే నిలిచిపోతుంది. దానికి ఎగిరే అనుమతి లేదు. నేలమీద ఉరమడమే దాని ఉత్సవం.

అయితే ఎగరకూడని విమానం ఎగరడానికే పుట్టిందన్న సంగతి మరచిపోరాదు. 2009 మే 3న లీస్టర్‌షైర్‌లోని బ్రంటింగ్‌థార్ప్ క్షేత్రంలో ఈ సంగతి వేలమంది కళ్ళముందు రుజువైంది. విక్టర్ జాతికి చెందిన ఎక్స్‌ఎమ్ 715 విమానం పరుగు ప్రదర్శన ఇస్తున్నది. నిర్ణీత క్షణంలో ఇంజన్ల శక్తిని తగ్గించవలసి ఉండగా ఆ పని జరగలేదు. విమానం నేలను విడిచింది. పక్కగాలి తాకిడికి ఒక రెక్క వాలింది. పైలట్ తన అనుభవమంతా కూడదీసుకుని దానిని మళ్ళీ నేలకు దించాడు. అది గడ్డి మైదానంలోకి దొర్లి, చివరకు క్షేమంగా ఆగింది. ఎవరికీ గాయం కాలేదు. ఆ గాలిలో గడిచినవి కొద్ది క్షణాలే. కాని ఆ క్షణాలలో ఒక తరం శ్రమ, వందలమంది ప్రాణాలు ఒకే తక్కెడలో తూగాయి. 2022 సెప్టెంబరులో వెల్స్‌బోర్న్‌లో వల్కన్ కూడా ఒక సన్నాహపు పరుగులో ఆగవలసినచోట ఆగలేక, రన్‌వే చివర దాటి వెళ్ళింది. అక్కడా మనుషులకు హాని జరగలేదు. అదృష్టం ప్రతిసారీ పలకరిస్తుందని మాత్రం ఎవరూ నమ్మరాదు.

ఇక మూడవ వల్కన్ కథ. ఎక్స్‌హెచ్ 558 విమానం 1960 మే నెలలో మొదట ఎగిరింది. వైమానికదళం తరఫున 1992 వరకు ప్రదర్శనలు ఇచ్చి, 1993 మార్చి 23న బ్రంటింగ్‌థార్ప్ చేరింది. ఒక కుటుంబం దానిని కొని ఆశ్రయమిచ్చింది. అక్కడితో దాని ఆకాశయాత్ర ముగిసిందని లోకం అనుకుంది. కాని డాక్టర్ రాబర్ట్ ప్లెమింగ్ అనే సాంకేతిక నిపుణుని నాయకత్వంలో కొందరు దానిని మళ్ళీ ఎగిరించాలని సంకల్పించారు. నవ్వినవారే ఎక్కువ. నాలుగు ఇంజన్ల అణుబాంబర్‌ను పౌరసంస్థ ఎగిరించడం కలలో మాట అన్నారు. లాటరీ నిధినుంచి 27 లక్షల పౌండ్ల సహాయం లభించింది. అదీ చాలలేదు. చిన్నచిన్న మొత్తాలుగా ప్రజలు చందాలు పంపారు. డబ్బు అయిపోయి పని ఆగిపోయే దశ ఒకటికి రెండుసార్లు వచ్చింది. చివరకు 2007 అక్టోబరు 18న, పద్నాలుగేళ్ళ తరువాత, ఆ విమానం నేలను విడిచి పైకి లేచింది. కింద నిలబడిన వృద్ధ మెకానిక్కులు కన్నీళ్ళు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

ఆ తరువాత ఎనిమిదేళ్ళపాటు అది ఇంగ్లండు ఆకాశంలో వేసవి ఉరుమై తిరిగింది. నడుమ ఒక గుణపాఠమూ నేర్పింది. 2012 మే 28న డాంకాస్టర్ విమానాశ్రయంలో ఎగరడానికి పరుగు మొదలుపెట్టగానే ఎడమవైపు ఇంజన్లు రెండూ దెబ్బతిన్నాయి. కారణం వెదకితే, నిలిపి ఉంచినప్పుడు తేమ పీల్చుకోవడానికి పెట్టిన సిలికా జెల్ సంచులు లోపల మిగిలిపోయాయని తేలింది. ఇంజన్‌ను కాపాడడానికి పెట్టిన వస్తువే ఇంజన్‌ను మింగింది. మరల తయారుకాని ఇంజన్లు రెండు ఒక్క ఏమరుపాటుకు బలి అయ్యాయి. తప్పును దాచకుండా వెల్లడించి, దాచి ఉంచిన ఇంజన్లు అమర్చి, జూలై నెలకే విమానాన్ని తిరిగి ఎగిరించారు. ప్రేమ ఎంత గొప్పదైనా లెక్కకు ప్రత్యామ్నాయం కాదని ఆ సంఘటన చాటిచెప్పింది.

2015లో మరొక కఠిన నిర్ణయం ఎదురైంది. ఆ విమానం మిగిలిన ఏ వల్కన్‌కంటెను ఎక్కువ గంటలు ఎగిరింది. దాని భద్రతకు సాంకేతికంగా పూచీ పడిన సంస్థలు ఇక ముందుకు పూచీ పడలేమని చెప్పాయి. ఆ పాతయంత్రం తెలిసిన నిపుణులు ఒక్కరొక్కరుగా విశ్రాంతి తీసుకుంటున్నారు. అభిమానులు బతిమాలుకోవచ్చు, ఆగ్రహించవచ్చు. కాని నడిపేవారు ఆ మాటను మన్నించారు. 2015 అక్టోబరు 28న చివరిసారి ఎగిరి, దిగి, ఆగిపోయింది. ఎగరగల శక్తి ఉండగానే ఎగరడం మానుకోవడం ఎంత కష్టమో, ఎంత అవసరమో ఆ రోజు చూపించింది.

అదే సంవత్సరం ఆ అవసరాన్ని లోకానికి మరింత క్రూరంగా తెలియజేసింది. 2015 ఆగస్టు 22న షోరమ్ వైమానిక ప్రదర్శనలో పాత హంటర్ జెట్ విమానం ఒకటి విన్యాసం పూర్తి చేయలేక పక్కనున్న రహదారిపై కూలింది. పదకొండుమంది మరణించారు. వారిలో ప్రదర్శన చూడాలని వచ్చినవారే కాదు, తమ పనిమీద ఆ దారిన పోతున్నవారూ ఉన్నారు. ఆ దుర్ఘటన తరువాత అటువంటి పాత జెట్ విమానాలు నేలపై విన్యాసాలు చేయకుండా, నేరుగా ఎగిరిపోవడానికే అధికారులు పరిమితి విధించారు. అదూర్ నది ఒడ్డున మృతుల స్మృతిచిహ్నంగా పదకొండు తోరణాలు నిలిచాయి. కొందరి ఆనందానికి వేరొకరి ప్రాణం మూల్యం కారాదన్నది వాటి మౌనబోధ. పాతయంత్రాలను ప్రేమించేవారు ఆ తోరణాలను కూడా తమ క్షేత్రంలో భాగంగానే తలచుకోవాలి.

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగా ఉదయిస్తుంది. సంహారంకోసం పుట్టిన యంత్రాన్ని ఇంత ప్రేమతో పోషించడం సమంజసమా? నాలుగు నిమిషాల భయంలో లోకాన్ని నిలబెట్టిన బాంబర్‌ను చూచి పిల్లలు చప్పట్లు కొట్టడం ఏమి సంస్కారం? ప్రశ్న న్యాయమైనదే. కాని యుద్ధాన్ని మరచిపోవడం యుద్ధాన్ని జయించడం కాదు. ఆ ఊళ విన్నప్పుడు ఒళ్ళు జలదరించడంలో ఆనందంతోపాటు భయమూ కలిసి ఉంటుంది. కాక్‌పిట్ వెనుక చీకటిగదిలోకి తొంగిచూచిన పిల్లవాడు, ఇక్కడ కూర్చున్న ముగ్గురికి బయటపడే దారి ఏదని అడిగితే, జవాబు చెప్పవలసిన వృద్ధుడు ఒక్కక్షణం ఆగిపోతాడు. ఆ మౌనం చరిత్ర పుస్తకంలోని ఒక అధ్యాయానికి సమానం. అద్దాల వెనుక నిలిచిన వస్తువు ఇటువంటి ప్రశ్నను అంత సులభంగా పుట్టించలేదు.

భారతదేశానికీ ఈ కథతో చుట్టరికం ఉంది. షోరమ్‌లో కూలిన హంటర్ జాతి విమానాలే 1971 డిసెంబరులో లోంగేవాలా ఎడారిలో శత్రుట్యాంకులను ఎదుర్కొన్నాయి. చిన్నదైన నాట్ విమానం బెంగుళూరు కర్మాగారంలో తయారై భారత వైమానికదళానికి పేరు తెచ్చింది. కాన్‌బెర్రా విమానాలు 2007 వరకు సేవచేశాయి. ఆవ్రో అన్న పేరు, కాన్పూరులో నిర్మించిన రవాణా విమానాల ద్వారా ఇక్కడి వైమానికులకు చిరపరిచితం. విశాఖపట్నం సముద్రతీరంలో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా 2017నుంచి టీయూ 142 విమానం మ్యూజియంగా నిలిచి ఉంది. 29 ఏళ్ళు సముద్రంపై గస్తీ తిరిగిన ఆ విమానం ఇంజన్లు ఇక తిరగవు. అయినా దాన్ని నిలబెట్టడం చిన్నపని కాదు. ఉప్పుగాలి రాత్రింబవళ్ళు లోహాన్ని కొరుకుతూనే ఉంటుంది. దాని మెట్లెక్కే విద్యార్థి ఆ రెక్కలకింద ఎవరు పనిచేశారో, ఎవరు నేటికీ తుప్పుతో పోరాడుతున్నారో ఒక్కసారి ఆలోచిస్తే ఆ సందర్శన సార్థకమవుతుంది.

యంత్రాన్ని కాపాడుకున్నా, అది నిలిచే నేలను కాపాడుకోవడం వేరే సమస్య. బ్రంటింగ్‌థార్ప్ క్షేత్రం 2020లో ఇతర అవసరాలకు మళ్ళడంతో అక్కడి ప్రదర్శన దినాలు ముగిశాయి. అక్కడ చేరిన పాత విమానాలు చాలావరకు కొత్త ఆశ్రయాలు వెదకుకోవలసి వచ్చింది. వల్కన్ దిగిన డాంకాస్టర్ విమానాశ్రయం 2022 నవంబరులో మూతబడింది. దానిని ఆకాశానికి పంపిన ప్లెమింగ్ 2021లో కన్నుమూశారు. రథం ఉన్నా వీధి లేకపోతే ఉత్సవం జరగదు. వీధి ఉన్నా మోకు పట్టే చేతులు లేకపోతే రథం కదలదు. ఈ మూడింటినీ ఒకచోట నిలుపుకోవడమే వారసత్వ పరిరక్షణలోని అసలు కష్టం.

అయినా మిగిలినచోట్ల పని సాగుతూనే ఉంది. ప్రదర్శన ముగిసి, జనం ఇళ్ళకు మళ్ళి, ఇంజన్ల వేడి చల్లారిన తరువాత అభిమానులు నిచ్చెనలు తెచ్చుకుంటారు. వృద్ధుడొకడు కింద నిలిచి చెబుతుంటే, యువకుడొకడు పైకెక్కి ఇంజన్ల నోళ్ళకు మూతలు బిగిస్తాడు. తేమ పీల్చే సంచులు ఎన్ని పెట్టినదీ కాగితం మీద రాసుకుంటారు. ఒకసారి లెక్కపెట్టిన తరువాత వృద్ధుడు మరొకసారి లెక్కపెట్టమంటాడు. యువకుడు విసుక్కోకుండా మళ్ళీ మొదటినుంచి లెక్కపెడతాడు. ఉరుము ఆ మధ్యాహ్నం జనానికి వినిపించింది. ఆ లెక్క మాత్రం ఎవరికీ వినిపించదు. మరుసటి ఏడాది ఉరుము మళ్ళీ వినిపించాలంటే ముందుగా వినవలసినది ఆ లెక్కనే.